ఇస్రో ఖర్చు ఎవరి పద్దులో?

చంద్రయాన్-3 దిగిన రోజు, అంటే 2023 ఆగస్టు 23 సాయంత్రం, టీవీల్లో చప్పట్లు ఆగకముందే ఫోన్లలో ఒక ఫార్వర్డ్ తిరగడం మొదలైంది. 615 కోట్లతో చంద్రుడి మీద దిగేశాం, హాలీవుడ్ వాళ్లకి ఒక్కో సినిమాకే ఇంతకంటే ఎక్కువవుతుంది అని. ఆ అంకె తప్పేమీ కాదు. ల్యాండర్, రోవర్, ప్రొపల్షన్ మాడ్యూల్ కలిపి సుమారు 250 కోట్లు, మిగతాది రాకెట్‌కి, ప్రయోగానికి. కాకపోతే సొంతిల్లు ఉన్నాయన "నాకు నెలకి ఇంతే ఖర్చండీ" అని చెప్పుకుంటూ అద్దె ఊసే ఎత్తకపోతే ఎలా ఉంటుందో, ఈ లెక్క కూడా అలాగే ఉంటుంది.

ఆ ఇల్లు ఎవరు కట్టారో చూద్దాం. బెంగళూరు దగ్గర బ్యాలాలు అనే ఊళ్లో 32 మీటర్ల వ్యాసం ఉన్న పెద్ద డిష్ యాంటెనా ఒకటి ఉంది. లక్షల కిలోమీటర్ల అవతలున్న వ్యోమనౌకతో మాట్లాడాలంటే అలాంటిది ఉండాలి, మన దగ్గర లేదు కాబట్టి చంద్రయాన్-1 కోసం కట్టారు. చంద్రయాన్-1 మొత్తం ఖర్చు 386 కోట్లయితే అందులో సుమారు 100 కోట్లు ఈ డీప్ స్పేస్ నెట్‌వర్క్‌కే పోయాయి. అంటే నాలుగో వంతుకు పైగా. ఆ తర్వాత మంగళయాన్ వెళ్లినప్పుడూ అదే యాంటెనా, చంద్రయాన్-3కీ అదే యాంటెనా, కానీ ఆ 100 కోట్లు మళ్లీ వాటి ఖాతాలో పడలేదు. శ్రీహరికోట లాంచ్ ప్యాడ్లు అంతే, తిరువనంతపురంలో రాకెట్లు డిజైన్ చేసే వాళ్ల జీతాలూ అంతే. ఇవన్నీ ఏటా కేంద్ర బడ్జెట్లో వేరే పద్దుల కింద, ఎవరూ ఫార్వర్డ్ చేయని పేజీల్లో ఉంటాయి.

కాబట్టి మిషన్ ఖర్చు అనే అంకెను పక్కనపెట్టి డబ్బు నడిచే దారిని చూస్తే అసలు కథ అర్థమవుతుంది. ఆ దారి ఒకటి కాదు, రెండు. ఏటేటా వచ్చే బడ్జెట్ ఒకటి, ఒక్కో ప్రాజెక్టుకు విడిగా దొరికే మంజూరు రెండోది. న్యూస్‌లో ఈ రెండింటినీ కలిపేస్తారు, గందరగోళమంతా అక్కడే పుడుతుంది.

దారిలోకి దిగేముందు ఎవరు ఎవరి కింద పనిచేస్తారో కాస్త చూడాలి. మనం ఇస్రో ఇస్రో అంటాం గానీ బడ్జెట్ పుస్తకంలో డబ్బు వచ్చేది అంతరిక్ష శాఖ పేరు మీద. ఆ శాఖకు మంత్రి ప్రధానమంత్రే, ఆయన తరఫున ఒక సహాయ మంత్రి చూసుకుంటారు. మొదట్లో ఇదంతా అణుశక్తి శాఖ చెట్టు కింద ఉండేది. అంతరిక్ష పరిశోధన కోసం విక్రమ్ సారాభాయ్ నడిపిన ఇన్‌కోస్పార్ కమిటీ 1962లో అక్కడే పుట్టింది, 1969 ఆగస్టు 15న ఇస్రో అక్కడే పుట్టింది. 1972లో స్పేస్ కమిషన్‌నీ అంతరిక్ష శాఖనీ విడిగా పెట్టి ఇస్రోని ఆ శాఖ కిందకు తెచ్చారు. ఢిల్లీలో కాకుండా బెంగళూరులో కూర్చునే కేంద్ర శాఖ ఇది. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఫైలు పట్టుకుని రోజూ కారిడార్లలో తిరిగే ఢిల్లీ సంస్కృతికి ఇంజినీర్లని కొంచెం దూరంగా ఉంచింది ఇదేనని నా అభిప్రాయం.

ఇంకో విశేషం ఏంటంటే ఇస్రో చైర్మన్, అంతరిక్ష శాఖ కార్యదర్శి, స్పేస్ కమిషన్ చైర్మన్, ముగ్గురూ ఒక్కరే. 2025 జనవరి నుంచి వి. నారాయణన్, అంతకుముందు ఎస్. సోమనాథ్. అంటే ఇస్రో చైర్మన్‌గా ఆయన ఒక ప్రాజెక్టు కావాలని రాస్తే, శాఖ కార్యదర్శిగా ఆయనే దాన్ని పరిశీలించి, కమిషన్ చైర్మన్‌గా ఆయనే దాని మీద చర్చకు అధ్యక్షత వహిస్తారు. వినడానికి విడ్డూరంగా ఉంటుంది. మరీ అంత ఏకపక్షమూ కాదు, ఎందుకంటే కమిషన్‌లో ఆర్థిక వ్యవహారాలకని ఒక సభ్యుడు ఉంటారు, కేంద్రంలోని సీనియర్ అధికారులు ఉంటారు, వాళ్లు ఒప్పుకోకపోతే ఫైలు కదలదు. ఈ మూడు టోపీల పద్ధతి వల్ల పనులు చకచకా అయ్యాయి, 1970ల్లో సతీశ్ ధవన్ ఆ కుర్చీలో ఉన్నప్పుడు అలా కాకపోతే ఏదీ అయ్యేది కాదేమో కూడా. కానీ ఇదే పద్ధతి ఒకసారి గట్టిగా దెబ్బకొట్టింది. అక్కడికి తర్వాత వద్దాం.

ఇప్పుడు మొదటి దారి, ఏడాది బడ్జెట్. తిరువనంతపురంలో విక్రమ్ సారాభాయ్ సెంటర్, బెంగళూరులో ఉపగ్రహాలు తయారుచేసే యు.ఆర్. రావు సెంటర్, అహ్మదాబాద్‌లో స్పేస్ అప్లికేషన్స్ సెంటర్, మన హైదరాబాద్‌లో ఉపగ్రహ చిత్రాలు చూసే ఎన్‌ఆర్‌ఎస్‌సీ, శ్రీహరికోటలో రాకెట్లు ప్రయోగించే షార్, ఇలా ఒక్కో కేంద్రం వచ్చే ఏడాదికి ఎంత కావాలో లెక్కలు పంపుతుంది. బెంగళూరులో వాటిని కూడి, కోసి, ఆర్థిక శాఖకు పంపుతారు. అక్కడ మళ్లీ కోత. ఫిబ్రవరి 1న బడ్జెట్ పత్రాల్లో అంతరిక్ష శాఖ పద్దు కనిపిస్తుంది: స్పేస్ టెక్నాలజీ, స్పేస్ అప్లికేషన్స్, స్పేస్ సైన్సెస్, ఇన్‌శాట్ వ్యవస్థ (టీవీ, ఫోన్, వాతావరణ ఉపగ్రహాలు) లాంటి శీర్షికల కింద. ఇందులో సింహభాగం స్పేస్ టెక్నాలజీది, అంటే రాకెట్లు, ఉపగ్రహాలు, వాటిని తయారుచేసే కేంద్రాలు. స్పేస్ సైన్సెస్ అనే పేరు ఎంత గొప్పగా ఉన్నా దాని వాటా చాలా చిన్నది.

తర్వాత పార్లమెంట్. శాస్త్ర సాంకేతిక, పర్యావరణ విషయాలు చూసే స్థాయీ సంఘం ఒకటుంది, రాజ్యసభ కింద పనిచేస్తుంది. అది అంతరిక్ష శాఖ అధికారుల్ని పిలిచి, పోయినేడు ఇచ్చింది ఎందుకు ఖర్చుపెట్టలేదు, ఈ ఏడు ఎందుకింత అడుగుతున్నారు అని అడుగుతుంది. నిజమైన ప్రశ్నలు అడిగే చోటు ఇదే, ఈ నివేదికలు చదవడానికి బాగుంటాయి కూడా. లోక్‌సభలో మాత్రం టైం చాలక చాలా శాఖల పద్దులు చర్చ లేకుండానే గంపగుత్తగా ఓటుకు పెడతారు, గిలటిన్ అంటారు దాన్ని. అంతరిక్ష శాఖ పద్దు మామూలుగా ఆ గంపలోనే పోతుంది. అమెరికాలో అయితే నాసాకి అధ్యక్షుడు ఎంత అడిగినా చివరికి ఏ మిషన్‌కి ఎంతో కాంగ్రెస్ తిరగరాస్తుంది, ఆ గొడవ నెలల తరబడి సాగుతుంది. మన దగ్గర ప్రభుత్వం పెట్టిన అంకెను పార్లమెంట్ మార్చిందంటూ వార్త చదివిన గుర్తుందా మీకు?

అంకెల సంగతి. 2025-26కి అంతరిక్ష శాఖకు కేటాయించింది 13,416 కోట్లు. అదే ఏడాది మొత్తం కేంద్ర బడ్జెట్ 50 లక్షల 65 వేల కోట్లు. అంటే కేంద్రం పెట్టే ప్రతి వంద రూపాయల్లో అంతరిక్షానికి వెళ్లేది పావలా, ఇంకో పైసా వేసుకోండి. "పేదదేశానికి రాకెట్లెందుకు" అని వాదించేవాళ్లకీ, "అంతరిక్షానికి మనం కుమ్మరిస్తున్నాం" అని మురిసిపోయేవాళ్లకీ ఆ పావలా చూపిస్తే సరిపోతుంది.

అయితే బడ్జెట్ పత్రం చూసేటప్పుడు అందరూ ఒక్క కాలమ్ చూసి మూసేస్తారు. పక్కనే ఇంకోటి ఉంటుంది, సవరించిన అంచనా అని. ఫిబ్రవరిలో ఇస్తామన్నది ఒకటి, ఏడాది చివరికొచ్చేసరికి నిజంగా వాడగలమని తేలేది ఇంకోటి. 2020-21లో ఇస్తామన్నది 13,479 కోట్లు, సవరించాక 9,500 కోట్లు. కోవిడ్ ఏడాది కదా, సరే. 2022-23లో 13,700 కోట్లు అన్నారు, సవరించాక 10,530 కోట్లు. మూడు వేల కోట్లకు పైగా వెనక్కి. 2023-24లోనూ అదే వరస, 12,544 కోట్లు కాస్తా 11,070 కోట్లయింది.

ఇది ప్రభుత్వం గొంతు నొక్కడం అనుకుంటే పొరపాటు, చాలా వరకు కాదు. రాకెట్ భాగాలు చేసిచ్చే కంపెనీకి డబ్బు పని దశలవారీగా పూర్తయ్యేకొద్దీ వెళ్తుంది. ఒక పరీక్ష ఆలస్యమైతే దాని బిల్లు రాదు. బిల్లు రాకపోతే డబ్బు కదలదు. మార్చి 31 దాటితే ఆ డబ్బు మురిగిపోతుంది, వచ్చే ఏడాదికి దాచుకునే వీల్లేదు, మళ్లీ మొదటి నుంచి అడుక్కోవాల్సిందే. పోనీ చివర్లో హడావిడిగా ఖర్చుపెట్టేద్దామా అంటే దానికీ ఆర్థిక శాఖ కళ్లెం వేసింది: ఏడాది కేటాయింపులో చివరి మూడు నెలల్లో 33 శాతం, ఒక్క మార్చి నెలలో 15 శాతం మించకూడదు. రోడ్లు వేసే శాఖకి ఈ రూల్ బాగా పనికొస్తుంది. ఇంజిన్ టెస్ట్ డిసెంబర్‌లో ఫెయిలై ఫిబ్రవరిలో పాసయ్యే చోట ఇదే రూల్ పెద్ద తలనొప్పి. పదేళ్ల ప్రాజెక్టుని పన్నెండు నెలల సంచిలో పట్టించడమే ఇక్కడ అసలు ఇబ్బంది, నన్నడిగితే డబ్బు తక్కువ అనేదానికంటే ఇదే పెద్ద సమస్య.

రెండో దారికి వద్దాం. కొత్త ప్రాజెక్టు ఏదైనా సరే, బడ్జెట్లో డబ్బుందని మొదలుపెట్టేయడానికి కుదరదు, దానికి విడిగా మంజూరు కావాలి. శాస్త్రవేత్తల కమిటీలు చూసి, స్పేస్ కమిషన్ ఒప్పుకున్నాక, పెద్ద మొత్తాలైతే ఆర్థిక శాఖ వాళ్ల ఎక్స్‌పెండిచర్ ఫైనాన్స్ కమిటీ ముందుకు వెళ్తుంది. వెయ్యి కోట్లు దాటితే కేంద్ర కేబినెట్ దాకా పోవాల్సిందే. మనుషుల్ని అంతరిక్షంలోకి పంపే గగన్‌యాన్ సంగతే చూడండి. 2018 ఆగస్టు 15న ప్రధాని ఎర్రకోట మీద నుంచి ప్రకటించారు, డిసెంబర్‌లో కేబినెట్ 9,023 కోట్లకు ఓకే చెప్పింది. తర్వాత ఆ కార్యక్రమంలో మరిన్ని ప్రయోగాలూ, భారతీయ అంతరిక్ష స్టేషన్ మొదటి మాడ్యూలూ చేరాయి, దాంతో 11,170 కోట్లు కలిసి మొత్తం 20,193 కోట్లయింది.

ఈ పెంపు వచ్చిన రోజు 2024 సెప్టెంబర్ 18. ఆ రోజు కేబినెట్ ఒక్క గగన్‌యాన్‌తో ఆగలేదు. చంద్రుడి మట్టి తెచ్చే చంద్రయాన్-4కి 2,104 కోట్లు, శుక్రగ్రహం చుట్టూ తిరిగే మిషన్‌కి 1,236 కోట్లు, కొత్త తరం రాకెట్‌కి 8,240 కోట్లు. గగన్‌యాన్ అదనపు మొత్తంతో కలిపి కూడితే 22,750 కోట్లు. మర్నాడు పేపర్లు చూసినవాళ్లకి ఇస్రో ఖజానా నిండిపోయిందనే అనిపించి ఉంటుంది.

ఐదు నెలల తర్వాత ఫిబ్రవరి బడ్జెట్ వచ్చింది. అంతరిక్ష శాఖ కేటాయింపు ముందటేడు బడ్జెట్ అంచనా కంటే ఎంత పెరిగింది? 13,043 కోట్ల నుంచి 13,416 కోట్లకి, అంటే 373 కోట్లు. మరి 22,750 కోట్లు ఏమైనట్టు?

ఏమీ కాలేదు, ఎక్కడికీ పోలేదు, ఎందుకంటే ఇంకా రానే లేదు. కేబినెట్ ఇచ్చింది ఇంతవరకు ఖర్చుపెట్టుకోవచ్చన్న అనుమతి. బ్యాంకు వాడు ఇంటి లోన్ శాంక్షన్ చేసినంత మాత్రాన డబ్బు చేతికి రాదు కదా, పునాది పడ్డాక కొంత, శ్లాబ్ పడ్డాక కొంత ఇస్తాడు. ఇదీ అంతే. కొత్త రాకెట్‌కి గడువు 96 నెలలు, అంటే ఎనిమిదేళ్లు, 8,240 కోట్లని ఎనిమిదితో భాగిస్తే ఏడాదికి వెయ్యి కోట్ల పైచిలుకు. అదీ సమానంగా పడదు, మొదట్లో కాగితాల మీద డిజైన్లు కాబట్టి తక్కువ, మధ్యలో ఇంజిన్లు, ట్యాంకులు చేయించేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువ. ఈలోగా పాత ప్రాజెక్టులు పూర్తవుతూ తమ వాటా వదులుతుంటాయి. నాకు ఉన్న అనుమానం మాత్రం ఒకటి: గగన్‌యాన్, స్టేషన్ మాడ్యూల్, కొత్త రాకెట్, చంద్రయాన్-4, ఇంకా 2025 జనవరిలో ఓకే అయిన శ్రీహరికోట మూడో లాంచ్ ప్యాడ్ (3,985 కోట్లు, నాలుగేళ్ల గడువు), ఇవన్నీ ఒకే రెండు మూడేళ్లలో శ్లాబ్ దశకొస్తే అప్పుడు ఏడాది పద్దు ఇప్పటిలా వందల్లో పెరిగితే చాలదు. ఏదో ఒకటి వెనక్కి జరుగుతుంది.

ఇప్పటిదాకా చెప్పింది అంతరిక్ష శాఖ సొంత డబ్బు గురించే. కానీ ఉపగ్రహాలు వాడుకునేది మిగతా శాఖలే కదా. తుఫాను ఎటు పోతుందో చూసేది వాతావరణ శాఖ, పంట ఎంత వేశారో లెక్కేసేది వ్యవసాయ శాఖ, టీవీ చానెళ్లు, బ్యాంకుల ఏటీఎంలు, సైన్యం, అందరూ ఉన్నారు. వీళ్ల మధ్య సమన్వయానికి ఇన్‌శాట్ కోఆర్డినేషన్ కమిటీ అని ఒకటి, సహజ వనరుల సర్వేలకి ఎన్‌ఎన్‌ఆర్‌ఎంఎస్ అని ఇంకో ఏర్పాటు పెట్టారు. ఏ ట్రాన్స్‌పాండర్ (ఉపగ్రహంలో సిగ్నల్ అందుకుని తిరిగి పంపే పరికరం) ఎవరికి, తర్వాతి ఉపగ్రహంలో ఏ కెమెరా ఉండాలి లాంటివి అక్కడ తేలుతాయి. మరి డబ్బు ఎవరిది? చాలాకాలం అంతరిక్ష శాఖే చేసి ఇచ్చేది, మిగతావాళ్లు వాడుకునేవాళ్లు. ఉచితంగా వస్తుంటే ఎవరైనా ఎక్కువే అడుగుతారు, అది మనుషుల నైజం, శాఖలు కూడా మనుషులే నడుపుతారు.

ఇప్పుడది మెల్లగా మారుతోంది. 2024 ఫిబ్రవరి 17న శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ మీద వెళ్లిన ఇన్‌శాట్-3డీఎస్ వాతావరణ ఉపగ్రహానికి పూర్తి ఖర్చు భూవిజ్ఞాన శాఖ పెట్టుకుంది. కట్టింది ఇస్రో, ప్రయోగించింది ఇస్రో, బిల్లు మాత్రం ఇంకో శాఖ పద్దులో. కాబట్టి అంతరిక్ష శాఖ బడ్జెట్ ఒక్కటే చూసి "దేశం అంతరిక్షానికి ఇంతే పెడుతోంది" అంటే ఈ ఉపగ్రహం ఆ లెక్కలో ఉండదు. రక్షణ అవసరాల ఉపగ్రహాలైతే అసలు వేరే గది: 2024 అక్టోబర్‌లో భద్రతా వ్యవహారాల కేబినెట్ కమిటీ ఓకే చెప్పిన నిఘా ఉపగ్రహాల కార్యక్రమం ఒక్కటే దాదాపు 27 వేల కోట్లు, 52 ఉపగ్రహాలు. అది పౌర కార్యక్రమం కాదు కాబట్టి ఇక్కడ వదిలేస్తున్నా, కానీ సైజు గమనించండి.

విదేశాలతో కలిసి చేసేవాటిలో ఇంకో పద్ధతి, డబ్బు చేతులు మారదు, ఎవరి ముక్క వాళ్లు చేసుకుంటారు. 2025 జూలై 30న వెళ్లిన నైసార్ అనే భూపరిశీలన ఉపగ్రహంలో ఎల్-బ్యాండ్ రాడార్ నాసాది, ఎస్-బ్యాండ్ రాడార్, ఉపగ్రహం బాడీ, రాకెట్ మనవి. ఎవరి ఖర్చు వాళ్ల పార్లమెంట్‌కే చెప్పుకుంటారు.

ఇక సంపాదన. ఇస్రో విదేశీ ఉపగ్రహాలు ఎక్కించి డబ్బులు చేసుకుంటోంది కదా, దాంతోనే నడుపుకోవచ్చుగా అని చాలామంది అడుగుతారు. కుదరదు. ప్రభుత్వ శాఖకు వచ్చే రాబడి భారత సంఘటిత నిధిలో, అంటే కేంద్రం ఉమ్మడి ఖజానాలో కలిసిపోతుంది, మళ్లీ అందులోంచి తీయాలంటే పార్లమెంట్ ఓటు వేయాలి. అందుకే వ్యాపారానికి కంపెనీలు పెట్టారు. 1992లో యాంట్రిక్స్, 2019లో ఎన్‌సిల్. కంపెనీ అయితే సొంత బ్యాలెన్స్ షీట్ ఉంటుంది, అప్పు తెచ్చుకోవచ్చు, లాభం దాచుకోవచ్చు, మార్చి 31 భయం లేదు. 2022 జూన్‌లో కేబినెట్ పది కమ్యూనికేషన్ ఉపగ్రహాల్ని ఎన్‌సిల్‌కి బదిలీ చేసి, దాని అధీకృత వాటా మూలధనాన్ని వెయ్యి కోట్ల నుంచి 7,500 కోట్లకు పెంచింది. అదే నెలలో వెళ్లిన జీశాట్-24 ఎన్‌సిల్ సొంతం, దాని సామర్థ్యం మొత్తం టాటా ప్లే లీజుకు తీసుకుంది. ముందు కస్టమర్‌ని పట్టుకుని తర్వాత ఉపగ్రహం కట్టడం అన్నమాట, పాత పద్ధతికి తలకిందులు.

మూడు టోపీల దెబ్బ గురించి చెప్తానన్నాను, అది ఈ కంపెనీల్లో మొదటిదాని దగ్గరే తగిలింది. 2005లో యాంట్రిక్స్ ఒక ప్రైవేట్ కంపెనీకి, దేవాస్‌కి, రెండు ఉపగ్రహాల ఎస్-బ్యాండ్ ట్రాన్స్‌పాండర్లలో పెద్ద వాటా లీజుకిస్తానని ఒప్పందం రాసుకుంది. వాటిలో ఒకదాని కోసం కేబినెట్‌కి వెళ్లిన నోట్‌లో ఈ ఒప్పందం మాటే లేదని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2012 నివేదికలో ఎత్తిచూపింది. ఆ రోజుల్లో శాఖ కార్యదర్శీ, ఇస్రో చైర్మనూ, యాంట్రిక్స్ చైర్మనూ ఒక్కరే, కాబట్టి అమ్మేవాడినీ అనుమతిచ్చేవాడినీ విడదీసే గీత లేకుండా పోయింది. 2011లో ప్రభుత్వం ఒప్పందం రద్దు చేసింది, దాంతో అంతర్జాతీయ ఆర్బిట్రేషన్లు (కోర్టు బయట మధ్యవర్తుల విచారణలు) మొదలై, 2015లో ఒకదాంట్లో 56 కోట్ల డాలర్ల పైచిలుకు కట్టాలన్న తీర్పు వచ్చింది. 2022 జనవరిలో సుప్రీంకోర్టు దేవాస్ మూసివేతను సమర్థిస్తూ అందులో మోసం జరిగిందని చెప్పింది, విదేశీ కోర్టుల్లో ఆ తలనొప్పి ఆ తర్వాత కూడా నడిచింది.

2020 జూన్‌లో ప్రైవేట్ వాళ్లకి తలుపులు తెరిచినప్పుడు ఇన్-స్పేస్ అనే విడి సంస్థ పెట్టడం వెనక ఈ పాఠం కొంతైనా ఉందనుకుంటా. అహ్మదాబాద్‌లో ఉంటుంది. 2023 ఏప్రిల్‌లో వచ్చిన అంతరిక్ష విధానం పనులు పంచింది: పరిశోధన ఇస్రోకి, వ్యాపారం ఎన్‌సిల్‌కి, అనుమతులు ఇన్-స్పేస్‌కి, పైన పెత్తనం శాఖకి. హైదరాబాద్ స్కైరూట్ 2022 నవంబర్‌లో విక్రమ్-ఎస్ ఎగరేసింది ఇన్-స్పేస్ అనుమతితోనే. స్టార్టప్‌లలో పెట్టుబడికి వెయ్యి కోట్ల ఫండ్ కూడా 2024 అక్టోబర్‌లో దీని పేరు మీదే మంజూరైంది.

కాగితం మీద బాగానే ఉంది. చిక్కల్లా ఇన్-స్పేస్ కూడా అదే అంతరిక్ష శాఖ కింద పనిచేయడం. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి చట్టం ఉంది, స్టాక్ మార్కెట్లని చూసే సెబీకి చట్టం ఉంది, ఇన్-స్పేస్‌కి ఉన్నది కేబినెట్ నిర్ణయం, ఒక విధాన పత్రం. 2017లో అంతరిక్ష కార్యకలాపాల బిల్లు ముసాయిదా ఒకటి బయటపెట్టి అభిప్రాయాలు అడిగారు. అదింకా చట్టం కాలేదు. రేపు ఒక ప్రైవేట్ రాకెట్ వేరే దేశంలో ఎవరి పొలంలోనో పడితే, అంతర్జాతీయ ఒప్పందాల ప్రకారం బయటి దేశాలకి జవాబుదారీ భారత ప్రభుత్వమే. ఆ పరిహారం కంపెనీ దగ్గర ఎంతవరకు రాబట్టాలో, దానికి ఎంత ఇన్సూరెన్స్ ఉండాలో చెప్పాల్సింది ఆ చట్టమే, అది వచ్చేదాకా ఆ బిల్లు కూడా చివరికి పావలా వాటా ఉన్న ఈ పద్దు వైపే చూస్తుంది.